ఇంటిగుట్టు



"ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెతను వినని తెలుగువారుండరు. ఇంటిలోని మాట వీథి కెక్కినయెడల ఆ యిల్లు నిలువదని పెద్దలు దీనికి అర్థము చెప్పుదురు. విభీషణుడు తన యన్న రహస్యములను శత్రువున కందిచ్చెను గనుకనే లంక నశించెనని మనము బాల్యమునుండి నమ్మియున్నాము. కాని కథ నొక్కసారి మరల తలచిచూడుడు. విభీషణుడు మొదట రాముని శిబిరమునకు పోలేదు. మొదట అన్నగారి కొలువునందే లేచి నిలిచి, చేసినది తప్పనియు, దానివలన కులమునకు నాశము గలుగుననియు హితము చెప్పెను. వినినవారు లేరు. చెప్పినవానిని అవమానించి వెడలగొట్టిరి. ఇంటిలో చెప్పిన మాట ఇంటిలోనే వినబడియుండినచో అది సముద్రము దాటెడిదే కాదు. కావున లంకకు చేటు తెచ్చినది బయటపడిన గుట్టా? లోపల వినబడని మాటయా? ఈ ప్రశ్నను మనస్సునం దుంచుకొని నేడు నేను చెప్పబోవు దానిని ఆలకింపవలెనని వేడుచున్నాను.

నే డాలోచింపవలసినది మత్తుపదార్థముల వ్యసనమును గూర్చి. ఈ మాట చెవిని బడగానే చదువుకొన్న కుటుంబములవారికి తోచునదేమనగా, ఇది మనకు సంబంధించిన విషయము కాదని. కూలివాడు సారాయి త్రాగును. బైరాగి గంజాయి పీల్చును. దిక్కులేని పిల్లవాడు రైలునిలయముకడ గుడ్డలో జిగురు పోసికొని దాని వాసన పీల్చును. మనము వారినిచూచి జాలిపడుదుము, లేదా అసహ్యపడుదుము. పిదప ఇంటికి వచ్చి తలుపు వేసికొందుము. ఆ తలుపు వెనుక నున్నదానిని గూర్చియే నేను మాటలాడదలచితిని. ఒరులకు చెప్పుటకు ముందు నా తప్పును చెప్పుకొనవలసియున్నది.

నేను చిత్తూరు, తిరుపతి న్యాయస్థానములలో ఇరువది సంవత్సరములనుండి వకీలుపని చేయుచున్నవాడను. కొన్ని యేండ్ల క్రిందట ఒకనాటి రాత్రి నాకు చిరపరిచితులైన యొక పెద్దమనుష్యులు మా యింటికి వచ్చిరి. పదిమందికి మంచిచెడ్డలు చెప్పదగినవారు. ఇంజనీరింగు చదువుచున్న వారి కుమారుడు కొద్దిపాటి గంజాయితో పట్టుబడెను. ఆ తండ్రి నన్ను చట్టమును గూర్చి అడుగలేదు. కుమారుని ఆరోగ్యమును గూర్చియు అడుగలేదు. "వకీలుగారూ, ఈ సంగతి నాలుగవ మనిషికి తెలియకూడదు" అని మాత్రము నా చేతులు పట్టుకొనిరి. నేను మాట యిచ్చితిని. పిల్లవాడు జామీనుమీద ఇంటికి వచ్చెను. అతనికి కామెరలు వచ్చినవనియు, అందుచే కళాశాలకు పోవుటలేదనియు బంధువులకు చెప్పిరి. అది నిజమని నమ్మి అతని మేనత్త పసరుమందు సైతము తెచ్చి యిచ్చినదట. నా పని నెరవేరినదని నేను సంతసించితిని.

నాకు ఫీజు ముట్టెను. వారికి పరువు దక్కెను. పిల్లవాని కేమి దక్కినదో మేమిద్దరమును ఆలోచింపలేదు. గంజాయి తరువాత నొప్పులకు వాడు మాత్రలును, వాని తరువాత సూదిమందును అతనికి అలవడినవి. ఇది తెలిసిన పిమ్మట తండ్రి అతనిని నాలుగు నెలలు మేడమీది గదిలో నుంచి బయట గొళ్లెము పెట్టిరి. వైద్యుని పిలువలేదు, పిలిచిన నలుగురికి తెలిసిపోవును గదా! నాలుగు నెలలైన పిదప బాగుపడినాడని నమ్మి తలుపు తీసిరి. ఆ వారముననే అతడొక స్నేహితుని గదిలో, పూర్వము తనకు అలవాటైన పరిమాణమునే మరల తీసికొనెను. ఊపిరి మందగించుచుండుట స్నేహితులు చూచిరి. కాని వైద్యశాలకు తీసికొనిపోయిన పోలీసులకు తెలియునని భయపడి తెల్లవారువరకు కాచుకొని యుండిరి. తెల్లవారుసరికి అంతయు ముగిసెను. అంత్యక్రియలకు వచ్చినవారితో గుండెపోటని చెప్పిరి. ఎవరో నన్నును అడిగిరి. నేనును అవునని తల యూపితిని.

సోదరులారా, ఆ తల యూపుట నేటికిని నన్ను బాధించుచున్నది. ఆ యింటి గుట్టు చివరివరకు బయటపడలేదు. లంక మాత్రము కాలిపోయెను.

ఇది ఒక్క యింటి కథ యని యెంచవలదు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు దేశమంతటను జరిపిన పరిశీలనయొక్క ఫలితములు 2019వ సంవత్సరమున ప్రకటింపబడెను. 10 మొదలు 75 సంవత్సరములవరకు వయస్సుగలవారిలో సుమారు 16 కోట్లమంది మద్యమును, సుమారు 3 కోట్ల 10 లక్షలమంది గంజాయి, భంగు మొదలైనవానిని, సుమారు 2 కోట్ల 26 లక్షలమంది నల్లమందును ఆ జాతికి చెందిన హెరాయిన్, నొప్పిమాత్రలు మొదలగువానిని వాడుచున్నారని అందు తేలెను. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కనికి మాత్రమే ఏదో యొక చికిత్స లభించినదట. మిగిలిన 37 మంది యెక్కడ నున్నారు? ఏ చెరసాలయందును లేరు. ఏ వైద్యశాలయందును లేరు. ఇండ్లలోనే యున్నారు. కామెరలనియు, తలనొప్పియనియు, ఉద్యోగపు చికాకనియు పేర్లు పెట్టబడి మన గుట్టు చాటుననే యున్నారు.

మన సీమయొక్క ఉనికియు దీనికి తోడ్పడుచున్నది. చిత్తూరు మూడు రాష్ట్రములు కలియు చోటు. విశాఖమన్యమున పండు గంజాయి యెంతటిదో తెలియవలెనన్న, 2022 ఫిబ్రవరిలో పోలీసులు అనకాపల్లి సమీపమున సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కమారు దహనము చేసిరనిన చాలును. చెన్నపట్టణమునకు, బెంగుళూరునకు పోవు బాటలు మన నాయుడుపేట, రేణిగుంట, చిత్తూరు, పలమనేరుల మీదుగా సాగుచున్నవి. బోనులో నిలుచుటకు వచ్చువాడు తరుచుగా కూలికి మూట మోసిన పేదవాడే. మూట విప్పి అనుభవించువాడు విద్యార్థి, ఉద్యోగి, వ్యాపారి. కొనువాడు లేనిది మోయువాడుండడు.

మత్తు మనుష్యు నెట్లు లోగొనును? దీనిని పాపమనిచెప్పి ఊరకుండిన చాలదు. మన మెదడునందు సుఖమును, ప్రయత్నమును ప్రేరేపించు డోపమీన్ అను రసాయనము గలదు. ఆకలిగొన్నవానికి అన్నము, తల్లికి బిడ్డ నవ్వు, విద్యార్థికి కష్టపడి సాధించిన విజయము - ఇట్టివానివలన అది మితముగా వెలువడును. మత్తుమందు దానిని ఒక్కపెట్టున వెల్లువవలె పారించును. మధ్యాహ్నపుటెండను చూచివచ్చిన కంటికి ఇంటిలోని దీపము కనబడనట్లు, కొంతకాలమునకు ఆ మనుష్యునికి అన్నమును నవ్వును చదువును వెలవెలబోవును. మొదట సుఖమునకై తీసికొన్నదానిని తరువాత బాధ పోగొట్టుకొనుటకై తీసికొనవలసివచ్చును. మనస్సు మానవలెనని కోరినను దేహము తిరుగబడును. మనుష్యుని మెదడు ఇరువదియైదేండ్ల ప్రాయమువరకును పక్వమగుచునే యుండును. కావున పదునైదేండ్ల బాలుడు పీల్చు గంజాయియు ఏబదియేండ్ల బైరాగి పీల్చు గంజాయియు ఒక్కటి కాదు. ఆ లేతవయస్సున విరివిగా వాడినవారికి చిత్తభ్రమ కలుగు అపాయము హెచ్చని వైద్యులు నిర్ధారించియున్నారు.

మరి రెండు సంగతులు ప్రతి తల్లియు తండ్రియు ఎరుగదగినవి. నల్లమందు జాతి మందులను కొంతకాలము మానినవాని దేహము పూర్వపు పరిమాణమును తాళజాలదు. అందుచే చెరనుండియో, గదినుండియో, చికిత్సనుండియో వెలుపలికి వచ్చిన తొలి దినములే మిక్కిలి అపాయకరములు. నే నెరిగిన బాలుడు పోయిన దిట్లే. రెండవది: బహుకాలము మితిమీరి త్రాగినవాడు వైద్యుని సాయములేక ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, సంధిప్రేలాపనలు వచ్చి ప్రాణమే పోవచ్చును. కావున గొళ్లెము వేయుట చికిత్స కాదు. గొలుసులు వేయుట అసలే కాదు. మానసికరోగులను గొలుసులతో బంధించుటను 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము నిషేధించినది. మత్తునకు సంబంధించిన మనోవికారములను సైతము ఆ చట్టము రోగములుగనే యెంచినది.

ఇచట చదువరులైన మిత్రులు కొందరొక యాక్షేపణ తెత్తురు. ఆంగ్లప్రభుత్వమువారు 1893లో గంజాయిని గూర్చి విచారించుటకు ఒక సంఘమును నియమింపగా, అది వేయికి మించిన సాక్షులను విచారించి, మితముగా వాడువారికి చెప్పుకోదగిన హాని లేదని తేల్చలేదా యని అడుగుదురు. నిజమే. కాని అతిగా వాడిన హాని గలదని ఆ సంఘమే చెప్పినది గదా! మితమెక్కడ ముగియునో, అతి యెక్కడ మొదలగునో పీల్చువానికి ఎవడు చెప్పవలెను? వానికి చెప్పవలసిన బుద్ధినే గదా ఆ పొగ ముందుగా కమ్మునది! మరియు నేడు అంగళ్లచాటున అమ్మబడు సరకు, పేరు గంజాయియే యైనను, నాటిదానికంటె తీక్ష్ణమైనది, కొనువారును బాలురు.

ఇంకొందరు, ఇది ప్రభుత్వముయొక్క పని, కఠినమైన చట్టము చేసిన చాలునందురు. చట్టముచే జీవించువాడను గనుక చట్టముయొక్క బలమును, బలహీనతయు నేనెరుగుదును. దీనికి మన జిల్లా చరిత్రయే సాక్షి. చక్రవర్తుల రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును అమలు పరచెను. మరుసటి సంవత్సరము దానిని మన చిత్తూరు జిల్లాకును, కడప జిల్లాకును విస్తరించెను. తెలుగుజిల్లాలలో ఆ గౌరవము మొదట దక్కినది ఈ రెంటికే. కల్లు సారాయిలవలన వచ్చు ఆదాయము పోవుటచే ఆ లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపుపన్ను విధించిరి. పిదప యుద్ధకాలమున నిషేధము నిలిపివేయబడెను. పన్ను మాత్రము నిలిచెను! 1948 నాటికి నిషేధము మరల మదరాసు రాజధాని యంతటికిని వచ్చినను, తరువాతి కాలమున అదియు సడలిపోయెను. మనుష్యుల మత్తువలన ధనమార్జించుట రుచిమరిగిన ఖజానా ఆ వ్యసనమును తేలికగా విడువదు. చీనాదేశముపై నల్లమందును రుద్దిన వాణిజ్యమును, ఇరువదేండ్ల యువకుడైన రవీంద్రనాథ ఠాగూరు 1881లోనే మరణవ్యాపారమని ఖండించుచు బంగాళీభాషలో వ్యాసము వ్రాసెను. ఆ మాట ఆ కాలమునకును ఆ దేశమునకును మాత్రమే చెల్లునది కాదు.

దీనికి బదులుగా మన పొరుగున నున్న నెల్లూరు జిల్లాలో 1992లో జరిగినదానిని చూడుడు. దూబగుంట గ్రామపు స్త్రీలు చట్టములు చదివినవారు కారు. అక్షరములు నేర్చుకొనుటకై కూడినవారు. భర్త కూలిడబ్బు సారాయంగడిలో పోసివచ్చుట, రాత్రి దెబ్బలు, పిల్లల ఆకలి - ఇవన్నియు అంతకుముందు ఎవరి యింటిగుట్టు వారిదే. నలుగురు కూర్చున్నచోట ఒకతె నోరు విప్పగా, తక్కినవారికి తమ యిల్లే కనబడెను. ఆ క్షణమున గుట్టు సిగ్గుగా నుండుట మాని బలమయ్యెను. వారు సారాయంగడిని మూయించిరి. ఆ మాట జిల్లాలు దాటెను. మన చిత్తూరు సీమకును వచ్చెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అదియు 1997లో సడలింపబడినదని మీరందురు. అవును. చట్టము వచ్చును, పోవును. కాని తమ బాధను నలుగురిలో చెప్పుకొనుట నేర్చిన స్త్రీ మరల మూగది కాదు. చదువురాని ఆ సోదరీమణులు చేసిన పనిని మన మేడలలోని చదువుకొన్న తల్లులు నేటికిని చేయజాలకున్నారు.

మన జిల్లాలోనే కాణిపాకము గలదు. అచటి వినాయకుని యెదుట, కోనేటిలో మునిగి, తడిబట్టలతో ప్రమాణముచేసి త్రాగుడు మానుదుమని చెప్పువారు నిత్యము వత్తురు. తిరుమలకొండకు కుమారుని తీసికొనివచ్చి తలనీలాలు సమర్పించి ఒట్టు పెట్టించుకొను తల్లులును గలరు. వారి విశ్వాసమును నేను పరిహసింపను. ప్రమాణమునందు గొప్పమేలొకటి గలదు: ఆ మనుష్యుడు తన వ్యసనమును నోటితో ఒప్పుకొనినాడు. అంతవరకు అది ఔషధమే. కాని ప్రమాణము తరువాత వైద్యము లేనియెడల, రోగలక్షణముగా దేహము తిరుగబడి అతడు మరల పడును. అప్పుడు త్రాగుబోతన్న సిగ్గునకు, దేవునియెదుట ఆడితప్పినవాడన్న సిగ్గు తోడగును. రెండు సిగ్గులు మోయువాడు ఒక్క సిగ్గు మోయువానికంటె ఎక్కువగా దాగుకొనును; దాగుటకై మరింత త్రాగును. పరమేశ్వరుడు మన ఒట్టులను లెక్కించుటకు కాచుకొని యున్న గుమాస్తా కాడు. పడినవాడు లేవగోరునపుడు చేయి యందించు తండ్రి. ఆయన అందించు చేయి తరుచుగా వైద్యుని చేయియై యుండును.

ఇక ఆనాటి రాత్రి ఆ తండ్రికి నేను చెప్పవలసియుండి చెప్పనిదానిని నేడు మీకు చెప్పెదను. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము కఠినమైనదే. 20 కిలోలకు మించిన గంజాయితో వ్యాపారము చేయువానికి పదేండ్లకు తక్కువకాని కారాగారము విధించును. కాని ఆ చట్టమే వ్యసనపరునికి ఒక వాకిలి తెరచియుంచినది. మత్తు సేవించినందుకో, స్వల్పపరిమాణము కలిగియున్నందుకో నేరము మోపబడిన వ్యసనపరుడు, తనంతట తాను ప్రభుత్వపు గుర్తింపుగల చోట చికిత్సకు చేరి దానిని పూర్తిగా పొందినయెడల, ఆ నేరమునకు అతనిని విచారింపరాదని 64ఎ సెక్షను చెప్పుచున్నది. నేరము స్థిరపడినపిమ్మట సైతము, అట్టివానిని అతని సమ్మతితో చికిత్సకు పంపుటకు 39వ సెక్షను న్యాయాధిపతికి అధికార మిచ్చుచున్నది. రోగి సంగతిని గోప్యముగా నుంచవలసిన బాధ్యతను 2017వ సంవత్సరపు చట్టము వైద్యులపై నుంచినది. చూచితిరా! గుట్టును కాపాడుటకు చట్టమే వైద్యుని నియమింపగా, మనము వైద్యునినుండియే గుట్టు దాచుచున్నాము. ఇంటిమాటను సంతలో చాటుడని నేను చెప్పుటలేదు. చెప్పవలసినవానికి చెప్పుడనుచున్నాను.

కావున మిత్రులారా, ఇంటికి పోయిన పిమ్మట మనమందరము చేయదగినవి కొన్ని గలవు. మీ పిల్లలు తప్పుచేసినను మీయొద్దకు వచ్చి చెప్పుకొనగలిగిన ధైర్యమును వారికి ముందే యిండు. పట్టుబడిననాడు ఇచ్చుటకు అది దొరకదు. అనుమానము కలిగిననాడే ప్రభుత్వ వైద్యశాలలోని మానసికవైద్యుని చూడుడు. దారి తెలియనిచో 14446 సంఖ్యకు ఫోను చేసిన సలహా చెప్పుదురు. చికిత్స పొందినవాడు మరల పడినచో, మధుమేహరోగికి మరల చక్కెర పెరిగినట్లెంచి మరల వైద్యునికడకు కొనిపొండు. ఎవడైన మత్తులో ఊపిరి మందగించి పడియున్న, పోలీసులను తలపక 108 వాహనమును పిలువుడు. నల్లమందు జాతి మందులవలన అట్లయి సకాలమున చేరినవానికి నాలోక్సోన్ అను విరుగుడు గలదు. చివరకు, కుమారుని గంజాయిని గూర్చి దుఃఖించుటకు ముందు, స్నేహితుల విందులలో మన చేతనున్న గ్లాసును చూచుకొందము. ఈ దేశమున గంజాయి వాడువారికంటె మద్యము త్రాగువారు అయిదురెట్లున్నారు. తండ్రి గౌరవముగా త్రాగునది, కుమారుడు చాటుగా పీల్చునది, రెండును ఒకే తలుపు వెనుకనున్నవి.

ఆ తండ్రి నేటికిని అప్పుడప్పుడు నాకు న్యాయస్థానపు వాకిట ఎదురుపడుచుందురు. కొన్నినెలల క్రిందట వారే నన్ను ప్రక్కకు పిలిచి, తమ వీథిలోని మరియొక బాలుని పేరు చెప్పి, అతని తండ్రితో మాటలాడుటకు నాతో రాగలరా యని అడిగిరి. ఇద్దరమును పోయితిమి. మొట్టమొదటిసారి వారు పరాయివారి యింట కూర్చుండి, తమ కుమారుడు గుండెపోటుచే చనిపోలేదని చెప్పిరి. ఆ బాలుడిప్పుడు చికిత్సలో నున్నాడు. ఏమగునో పరమేశ్వరు డెరుగును. కాని ఆ యింట తలుపు తెరువబడినది.

సర్వాంతర్యామివైన పరమేశ్వరా! నీకు తెలియని గుట్టు మా యిండ్లలో లేదు. నీయెదుట దాచజాలనిదానిని మా బిడ్డలయెదుట, మా వైద్యులయెదుట దాచు వెర్రిని మానుపుము. పడినవారిని తీర్పు తీర్చుటకు ముందు లేవనెత్తు కరుణను మాకు దయచేయుము. పరువునకు భయపడు మా హృదయములకు సత్యము పలుకు ధైర్యము నొసగుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.